రూప్లి అడిగిన నేల

హీరాలాల్ పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నాలుగో కాలు చూపించి, చేత్తో తడిమించినా సరే, "అది కాలు గాదు, తోక" అనే రకం. అయినా చండ్రుగొండ దగ్గరి తండాలో పుట్టి, పాల్వంచలో వెల్డింగు పొగ మింగి పని నేర్చుకుని, సొంతంగా షెడ్డు పెట్టుకున్న మనిషికి ఆమాత్రం మొండితనం లేకపోతే ఎలా నెగ్గుకొస్తాడు? షెడ్డు ముందు రేకు బోర్డు మీద ఆయన పేరు, దారిన పోయే బస్సులోంచి కూడా కనబడేంత పెద్ద ఎర్ర అక్షరాల్లో ఉండేది.

రెండువేల ఆరులో, ఎండలు ముదిరి వాన కోసం అందరూ పైకి చూస్తున్న రోజుల్లో, ఆయనకు పెద్ద పని తగిలింది. ములకలపల్లి రోడ్డు మీద ఒక చిన్న అట్టల మిల్లు ఉండేది. సారపాకలోని పెద్ద మిల్లుతో దానికి పోలికే లేదు. అక్కడికి వెదురూ జామాయిలూ లారీల మీద పోతాయి, ఇక్కడికి ఊళ్లలోని చిత్తు కాగితం వస్తుంది. ఆ కాగితం కట్టలు విప్పి, అందులోంచి ప్లాస్టిక్కు, తీగలు, దారాలు ఏరి పారెయ్యాలి. తండా ఆడవాళ్లూ, చుట్టుపక్కల కోయగూడేల ఆడవాళ్లూ కలిసి, నేలమీద కూర్చుని, నడుములు పట్టుకుపోయేదాకా ఆ పని చేసేవాళ్లు. ఆ ముఠాకు పెద్ద రూప్లి. హీరాలాల్ తమ్ముడు కోటేష్ భార్య ఆమె. కోటేష్ అదే మిల్లులో ట్రాక్టరు తోలేవాడు.

ఇక్కడ తండా పద్ధతి ఒకటి చెప్పుకోవాలి. తమ్ముడి భార్య బావ ముందు తలమీది ముసుగు తీయదు, ఆయనతో నేరుగా మాట్లాడదు. చెప్పాల్సింది ఉంటే పక్కనున్న పిల్లకో, మేకకో, ఎవరూ లేకపోతే నీళ్ల చెంబుకో చెప్తుంది. ఆయన విని తెలుసుకోవాలి. ఆయన కూడా ఆమె పేరు ఎత్తడు. కాబట్టి హీరాలాల్‌కు రూప్లి ఎప్పుడూ "మా కోటేష్ ఇంట్లామె"నే. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఆ ఇద్దరి మధ్య ఒక్క మాట కూడా సూటిగా నడవలేదు. అలాగని పగ ఏమీ లేదు, ఉన్నదంతా మర్యాదే.

మిల్లు యజమాని ఖమ్మంలో ఉంటాడు. ఆ ఏడు ఆయన ఒక బెల్టు కొన్నాడు. కాగితం ఆ బెల్టు మీద పైకి వచ్చి మెల్లగా కదులుతుంటే, ఆడవాళ్లు రెండు పక్కలా నిలబడి చెత్త ఏరెయ్యాలి. మిగిలిన కాగితం చివర్లో ఉన్న నానబెట్టే తొట్టిలోకి దానంతటదే పడుతుంది. దానికి స్తంభాల మీద ఒక ఇనుప అంతస్తు కట్టాలి. దాని కిందనుంచి ట్రాక్టర్లు పోవాలి, కట్టలు కోసే మగవాళ్లు అక్కడే పని చెయ్యాలి. మిల్లు ఇంజనీరు దాన్ని ప్లాట్‌ఫారం అన్నాడు. తండావాళ్లకు అది చేను కాపలా కాసే మంచెలా కనిపించింది కాబట్టి మంచె అన్నారు. ఆ మంచె కట్టే పని హీరాలాల్‌ది.

స్తంభాల దగ్గర పేచీ లేదు, దూలాల దగ్గరా లేదు. పేచీ అంతా పైన పరిచే నేల దగ్గరే వచ్చింది.

"చుట్టూ అడివే గద," అన్నాడు యజమాని. "చెక్కలు పరుచు. అగ్గువల అయితది, పైసలు మిగులుతయ్."

"కాగితం మిల్లుల చెక్క నేలనా సార్?" అని హీరాలాల్ నవ్వాడు. "నీళ్లు తాగి ఉబ్బుతది, ఎండకు పగులుతది. ఒక్క బీడీ ముక్క పడ్డదంటే మిల్లు మొత్తం పొయ్యిల పడ్డట్టే."

"పోనీ సిమెంటు స్లాబు?"

ఈసారి ఇంజనీరు వెంకటేశ్వరరావు అడ్డం వచ్చాడు. ఆయనది మధిర వైపు, మాట మెత్తగా ఉంటుంది. "అంత బరువుకు స్తంభాలు లావు చెయ్యాలండీ. కింద ట్రాక్టరు తిరగడానికి చోటుండదు. చెకర్ ప్లేటు వేద్దాం. మీద గింజలు గింజలుగా లేచి ఉంటాయి కదా, కాలు జారదు."

"జారుతది సార్," అన్నాడు హీరాలాల్. "తడి కాగితం గుజ్జు ఆ గింజల నడుమ నిండితే బురదల నడిచినట్టే. నీళ్లు నిలుస్తయ్, తుప్పు పడతది. జాలీ వేస్త. పాల్వంచల ఎక్కడ చూసినా అదే. పట్టీలు నిలబెట్టి అతికిచ్చిన గ్రేటింగు. నీళ్లు పడ్డయ్ పడ్డట్టే కిందికి పోతయ్, దుమ్ము నిల్వదు, బరువు తక్కువ, ఏనుగు ఎక్కినా వంగదు."

"కింద మనుషులు పనిచేస్తారు కదయ్యా. పైనుంచి తీగ ముక్కో, రేకు ముక్కో సందుల్లోంచి పడితే?"

"నెత్తికి టోపీలున్నయ్ గద సార్, ఎందుకిచ్చిండ్రు?"

వెంకటేశ్వరరావు గట్టిగా వాదించే మనిషి కాదు. యజమానికి "ఏనుగు ఎక్కినా వంగదు" అన్న మాట నచ్చింది. జాలీయే ఖాయమైంది. ఆ పూట హీరాలాల్ షెడ్డుకు తిరిగొచ్చిన తీరు చూస్తే, ఇంజనీరును వాదంలో గెలిచినట్టు లేదు, కుస్తీలో గెలిచినట్టు ఉంది.

పని మాత్రం, వంక పెట్టడానికి లేకుండా చేశాడు. జాలీ పలకలు తెప్పించి, అంచులకు పట్టీ కట్టి, దూలాలకు క్లిప్పులతో బిగించాడు. ఒక్క పలక కూడా కదల్లేదు, ఒక్క మూల కూడా లేవలేదు. మెట్లు కూడా అదే జాలీతో చేశాడు. పనంతా అయ్యాక పైకెక్కి, అందరూ చూస్తుండగా, రెండు కాళ్లూ ఎత్తి దబ్బున దూకాడు. మంచె కిక్కురుమనలేదు. సొంత చేతులతో ఇంత పని చేసిన మనిషి గర్వపడకపోతే ఇంకెవరు పడతారు? ఆయన ఛాతీ రెండింతలైంది.

మరునాడు బెల్టు తిరిగింది. కాగితం పైకి వచ్చింది. ఆడవాళ్లు మాత్రం పైకి రాలేదు.

అందరూ మెట్ల దగ్గర గుంపుగా నిలబడ్డారు. ఒకామె కళ్లు తిరుగుతున్నాయంది. ఇంకొకామె మోకాళ్లు పట్టేశాయంది. కోయగూడెం నుంచి వచ్చే జంపక్క, చెట్టెక్కి చింతకాయ దులిపే మనిషి, తనకు ఎత్తంటే భయమంది. రూప్లి ముసుగు ఇంకాస్త ముందుకు లాక్కుని పక్కకు తిరిగి నిలబడింది.

"భయమేంది?" అన్నాడు హీరాలాల్. మళ్లీ పైకెక్కాడు. మళ్లీ దూకాడు. "చూసిండ్రా? వంగిందా?"

"వంగలే మేస్త్రీ," అంది జంపక్క. "నువ్వు మంచిగ దూకుతున్నవ్."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆడవాళ్లు వెళ్లి ఎప్పటిలాగే కింద నేలమీద కూర్చుని ఏరుకోవడం మొదలుపెట్టారు. పైన బెల్టు ఒట్టిగా తిరిగి తిరిగి ఆగింది. కారణమేమిటో అక్కడున్న ప్రతి ఆడదానికీ తెలుసు. తెలిసిన మగవాడు ఒక్కడే, కోటేష్. వాడేమో ట్రాక్టరు ఇంజన్ మీద వంగి, లేని రిపేరు వెతుక్కుంటున్నాడు.

తర్వాతి రోజు ఇంకో వింత జరిగింది. హీరాలాల్ వచ్చేసరికి ఆడవాళ్లంతా పైనే ఉన్నారు, చకచకా పని చేస్తున్నారు. సంతోషంగా మెట్లెక్కాడు కానీ చివరి మెట్టు మీదే ఆగిపోయాడు. ఆయన జాలీ ఎక్కడా కనబడలేదు. మగవాళ్లెవరూ రాకముందే వచ్చి, పాత అట్టపెట్టెలు విప్పి, ఈ చివరినుంచి ఆ చివరిదాకా పరిచేశారు.

"ఏంది గిది? బంగారం లెక్క నేల వేస్తే దాని మీద చెత్త పరుస్తరా?"

రూప్లి తల ఎత్తకుండా దారాలు ఏరుతోంది. ఆయనకు ఒళ్లు మండింది, కానీ తమ్ముడి భార్య ఉన్నచోట గొంతు పెంచలేడు. గొణుక్కుంటూ దిగిపోయాడు.

మధ్యాహ్నానికి అట్టలు తడిశాయి. తొట్టి దగ్గర నిలబడ్డ జంపక్క కాలు తడి అట్టతో పాటు జారింది. పక్కనున్న కమ్మీ పట్టుకుంది కాబట్టి మోకాలు చెక్కుకుపోవడంతో సరిపోయింది, లేకపోతే తొట్టిలోనే పడేది. వెంకటేశ్వరరావు పరుగెత్తుకొచ్చి బెల్టు ఆపించాడు. అట్టలన్నీ తీసేయించి, ఇకమీద జాలీ మీద ఏదీ పరచకూడదని గట్టిగా చెప్పాడు. ఆయన గట్టిగా మాట్లాడగలడని ఆ రోజే అందరికీ తెలిసింది.

ఆ కబురు ఖమ్మం చేరింది. యజమాని ఫోనులో చెప్పిన మాట చిన్నదే. వచ్చే సోమవారం తను వస్తాడు. ఆనాటికి ఈ ఆడవాళ్లు పైకెక్కి పని చేస్తే సరే, లేకపోతే బయటినుంచి మగ కూలీలను తెచ్చుకుంటాడు. బెల్టు వచ్చాక కింద కూర్చుని ఏరే పని ఇక ఉండదు.

ఆ మాటతో హీరాలాల్‌కు తల కొట్టేసినట్టయింది. ఆ ముఠాలో సగం మంది ఆయన తండా ఆడవాళ్లే. వాన పడితే పొలం, పడకపోతే ఆ మిల్లు, అదీ వాళ్ల బతుకు. తను కట్టిన మంచె వల్ల తండా ఆడవాళ్ల పొయ్యిలు ఆరిపోయాయని రేపు లోకం అంటే, ఆ రేకు బోర్డు ఎక్కడ దాచుకోవాలి?

కోటేష్‌ను షెడ్డు వెనక్కి పిలిచి నిలదీశాడు. "ఏందిరా వాళ్లకు? మీ ఇంట్లామె ఏమంటున్నది?"

కోటేష్ నేల చూశాడు, ఆకాశం చూశాడు, అన్న చొక్కా గుండీలు చూశాడు. "నాకేం ఎరుకలేదన్నా."

"ఎరుకనే. నీ మొకం చెప్తున్నది."

"ఎరుకనే. గానీ నేను చెప్పలేనన్నా. నీకు నేనెట్ల చెప్పాలె?" అని తప్పించుకుని, ట్రాక్టరెక్కి వెళ్లిపోయాడు. మింగలేక కక్కలేక ఉన్న తమ్ముణ్ని చూసి, ఇదేదో ఎత్తు భయం కాదని హీరాలాల్‌కు మొదటిసారి అనుమానం తగిలింది.

ఆ సాయంత్రం, ఇంకా పొద్దుండగానే, రూప్లి షెడ్డుకు వచ్చింది. తోడుగా కుంటుకుంటూ జంపక్క. హీరాలాల్ లేచి, పద్ధతి ప్రకారం కాస్త పక్కకు తిరిగి నిలబడ్డాడు. రూప్లి ముసుగు సర్దుకుంది. చెప్పుకోవడానికి అక్కడ మేక లేదు, పిల్ల లేదు. గోడకు ఆనించిన మిగిలిపోయిన జాలీ పలక ఒకటి ఉంది. ఆమె నేరుగా దాని ముందుకు వెళ్లి నిలబడింది.

"ఓ జాలీ," అంది. "నువ్వు మంచిగనే ఉన్నవ్. గట్టిగున్నవ్, మెరుస్తున్నవ్. నీళ్లు నిల్వనియ్యవ్. నీ తప్పు ఏమీ లేదు."

జంపక్క నవ్వు ఆపుకోవడానికి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"గానీ జాలీ, నువ్వు నీళ్లను ఆపవు, చూపును గూడ ఆపవు. మేము అద్దాల పావడలు కట్టుకునేటోళ్లం, చీరెలు కట్టుకునేటోళ్లం. పొద్దంత నీ మీద నిలబడాలె. కింద కట్టలు కోసేటోళ్లు మగోళ్లు, ట్రాక్టరు తోలేటోళ్లు మగోళ్లు. వాళ్లు మంచోళ్లే. గానీ తలకాయ ఎత్తితే ఏం కనబడతదో నీకెరుకనా జాలీ? నువ్వు ఇనుమువు, నీకు సిగ్గు లేదు. మాకున్నది."

హీరాలాల్ ముఖాన నెత్తురు చుక్క లేదు. గోడ వైపు తిరిగి ఉన్నాడు కాబట్టి సరిపోయింది. ఆయన కళ్ల ముందు తను పైకెక్కి దూకిన దూకుళ్లు తిరిగాయి. ప్యాంటు తొడుక్కుని ఎన్నిసార్లు దూకితే మాత్రం ఏం తెలుస్తుంది?

"అందుకే అట్టలు పరిచినం," అని రూప్లి జాలీతోనే అంటోంది. "జంపక్క కాలు జారింది. తప్పు మాదే. మేము నోరు ఇప్పితే అయిపోయేది. ఎట్ల ఇప్పాలె? ఇంటాయనకు చెప్తే, అన్నకు నేనెట్ల చెప్తనన్నడు. ఇంజనీరుకు చెప్దామంటే సిగ్గాయె. మాకు పని పోవొద్దు జాలీ. మంచె మీద నిలబడి చేసే పని, నడుము నొయ్యని పని. అది మాకే కావాలె. బయటోళ్లకు ఇడిచిపెట్టం."

అంత మాట చెప్పి ఆగింది. సిగ్గుతో పాటు హీరాలాల్‌కు ఇంకోటి కూడా లోపలినుంచి పొంగుకొచ్చింది. ఆయన ఇంట్లో ఇంత మాట చెప్పగల మనిషి ఉందని ఇన్నేళ్లుగా ఆయనకు తెలియదు. తెలిశాక, పగిలిన పరువు సంగతి కాసేపు మరిచిపోయాడు.

గొంతు సవరించుకుని ఆయన కూడా జాలీతోనే అన్నాడు. "ఓ జాలీ. రేపు పొద్దుగాల ఆడోళ్లనందరిని షెడ్డుకు రమ్మను. నేల వాళ్లే చూసుకుంటరు."

మర్నాడు షెడ్డు ముందు కనిపించిన దృశ్యం ఆ రోడ్డున పోయేవాళ్లు చాలాకాలం చెప్పుకున్నారు. హీరాలాల్ తన దగ్గరున్నవీ, పాల్వంచ తుక్కు దుకాణంలో దొరికినవీ, రకరకాల రేకులు నేలమీద వరసగా పరిచాడు. నున్నటి ప్లేటు, గింజలు అరిగిపోయిన పాత చెకర్ ప్లేటు, గింజలు ఎత్తుగా ఉన్న కొత్తది, చిల్లులు పొడిచినది. మిల్లునుంచి ఒక డబ్బా నిండా కాగితం గుజ్జు తెప్పించి వాటన్నిటి మీదా పోశాడు. వెంకటేశ్వరరావును కూడా పిలిచాడు. సంగతి చెప్పడానికి నాలుగుసార్లు నోరు తెరిచి, ఐదోసారి చెప్పేశాడు. ఇంజనీరు చేతిలోని టోపీ వైపు చూస్తూ ఉండిపోయాడు.

"పైనుంచి రేకు ముక్కలు పడతాయనే అనుకున్నానయ్యా," అన్నాడు చివరికి. "ఇది నాకూ తట్టలేదు. మా ఇంట్లోనూ ఆడవాళ్లున్నారు."

ఆడవాళ్లు సంతలో ఎడ్లను చూసినట్టు ఆ రేకుల్ని చూశారు. నడిచారు, తిరిగారు, మడమతో రుద్దారు. నున్నటి దాని మీద ఒకామె జర్రున జారి పక్కామెను పట్టుకుంది. అరిగిన దాని మీద జంపక్క కాలు పెట్టనే లేదు, "నా ఇంకో మోకాలు గూడ కావాల్నా?" అంది. చిల్లులది బాగానే ఉంది కానీ, రూప్లి దాన్ని ఎత్తి పట్టించి, కిందనుంచి చూసి, తల అడ్డంగా ఊపింది. గింజలు ఎత్తుగా ఉన్న కొత్త ప్లేటు మీద మాత్రం చాలాసేపు నిలబడింది. తర్వాత పక్కనున్న వెల్డింగు మిషనుతో చెప్పింది.

"ఓ మిషనూ, ఇది మంచిగున్నది. గానీ గుజ్జు నడుమల నిలుస్తున్నది. వాటం ఇస్తే నీళ్లు పోతయ్. తొట్టి దిక్కు వంపాలె. తొట్టి అంచుకు కింద మనుషులు తిరగరు గద, ఆడ ఒక్క బారు జాలీ పెడితే నీళ్లు తొట్టిలకే దిగుతయ్. మేము నిలబడే కాడ పాత బెల్టు రబ్బరు ముక్కలు బిగిస్తే కాళ్లు నొయ్యవ్."

వెంకటేశ్వరరావు జేబులోంచి పెన్ను తీశాడు. "మరదలే కదయ్యా, నువ్వే నేరుగా అడగరాదూ? మిషనుకు చెప్తే నేను రాసుకోవడం కష్టంగా ఉంది," అన్నాడు.

"మా కాడ గట్ల ఉండదు సార్," అన్నాడు హీరాలాల్. "మీరు రాసుకోండ్రి. మిషను తప్పు చెప్పదు."

అందరూ నవ్వారు. ముసుగులో రూప్లి కూడా నవ్వినట్టే ఉంది. వాటం ఎంత ఉండాలో, నీళ్లు పోవాలి కానీ మనిషి ఒరగకూడదు కదా, అది ఇంజనీరు లెక్క కట్టాడు. ప్లేటు బరువుకు ఎక్కడెక్కడ అదనపు దూలం పడాలో ఆయనే చూపించాడు. తీసేసే జాలీ పలకల్ని ఏం చేసుకోవాలో తరువాత చూసుకోవచ్చని హీరాలాల్ పని మొదలుపెట్టాడు.

ఆ వారం ఆయన పనివాళ్లు తిండి ఎప్పుడు తిన్నారో వాళ్లకే తెలియదు. జాలీ ఊడదీశారు, దూలాలు కలిపారు, ప్లేట్లు పరిచి అతుకులు వేశారు. సోమవారం పొద్దున మొత్తం నేల మీద బకెట్లతో నీళ్లు కుమ్మరించి చూశారు. నీళ్లు ఎక్కడా నిలవకుండా సరసరా తొట్టి వైపు పోయాయి. హీరాలాల్ ఈసారి దూకలేదు. మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కొక్క అతుకూ చేత్తో తడిమి చూశాడు.

యజమాని కారు దిగాడు. మేనేజర్లు, కట్టలు కోసే మగవాళ్లు, ట్రాక్టరు డ్రైవర్లు, వేడుక చూద్దామని అందరూ మెట్ల చుట్టూ మూగారు. ఆడవాళ్లు వరసగా వచ్చారు. అందరికంటే ముందు రూప్లి, అద్దాల పావడలో. మెట్ల మొదట్లోకి వచ్చి, ఆమె ఆగిపోయింది. ఆమె వెనక అందరూ ఆగిపోయారు.

"మళ్ల ఏందయ్యా?" అన్నాడు యజమాని. "నేల మార్చినమంటివి. ఇంకెన్ని దినాలు? రేపు లారీ ఎక్కి వచ్చేటోళ్లు సిద్ధంగ ఉన్నరు నాకు."

హీరాలాల్ పైనున్న నేల వైపు చూశాడు. ఏం తక్కువైంది? వాటం సరిగ్గా ఉంది, అతుకులు సరిగ్గా ఉన్నాయి. రూప్లి చుట్టూ చూసింది. మాట చెప్పడానికి పిల్ల లేదు, మేక లేదు, యజమాని ముందు మిషనుతో మాట్లాడితే పిచ్చిదనుకుంటాడు. జంపక్కతో చెప్పించవచ్చు. కానీ ఆ మాట జంపక్కది కాదు, ముఠా పెద్దది.

ఆమె ముసుగు నుదుటి మీదికి జరిపింది. నెరుస్తున్న జుట్టు, చెంపల పక్కన వేలాడే వెండి, సూటిగా చూసే కళ్లు. పెళ్లయ్యాక మొదటిసారి బావ ముఖంలోకి చూసింది.

"బావా," అంది. "నేల మూసినవ్. మెట్లు మరిచినవ్."

కోటేష్ ట్రాక్టరు మీద నోరు తెరిచి నిలబడిపోయాడు.

హీరాలాల్ మెట్లు చూశాడు. అవే పాత జాలీ మెట్లు. వెనక పలక లేదు, మెట్టుకూ మెట్టుకూ మధ్య జానెడు ఖాళీ. చుట్టూ మూగిన మగవాళ్లంతా ఆ మెట్ల కిందే నిలబడి ఉన్నారు. రేకులన్నీ షెడ్డు ముందు నేలమీద పరిచి ఏరారు కదా, మెట్ల సంగతి ఎవరికీ తోచలేదు. తోచాల్సింది మాత్రం ఆయనకే.

వేరే రోజైతే పదిమందిలో తమ్ముడి భార్య ఇలా అన్నందుకు ఆయన తండా పెద్దలను పిలిచేవాడేమో. ఇప్పుడు ఆయన గుండెలో కోపం వెతికినా దొరకలేదు. మంచె పూర్తయిన రోజు కలిగిన గర్వం దీని ముందు ఏపాటిది? అది ఇనుము గురించి. ఇది తన ఇంటి మనిషి గురించి.

"అవ్, మరిచిన," అన్నాడు ఆమెతోనే, సూటిగా. తర్వాత యజమాని వైపు తిరిగాడు. "సార్, కుర్చీ వేపిస్త, చాయ్ తాగుండ్రి. మీరు తాగేలోపు అయిపోతది."

"ఇంత పని చేసేటోనివి, ముందే చూసుకోవద్దా?"

"నాకు కనబడలే సార్. మా రూప్లికి కనబడ్డది."

రూప్లి పేరు ఆయన నోట వినడం తండావాళ్లకు అదే మొదలు. ముఠాలోని ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మగవాళ్లను అక్కడినుంచి దూరంగా పొమ్మని, హీరాలాల్ కళ్లద్దం దించుకుని మెట్ల కింద కూర్చున్నాడు. మిగిలిన ప్లేటు ముక్కలు కోసి, పనివాళ్లు అందిస్తుంటే, ప్రతి మెట్టు మీదా ఒకటి, ప్రతి మెట్టు వెనకా ఒకటి అతికించాడు. మెరుపులు రాలుతుంటే యజమాని ఒక చాయ్ కాదు, రెండు తాగాడు. రెండో చాయ్ పూర్తయ్యేసరికి ఆయన చిరాకు కూడా చల్లారింది. కుర్చీ జరుపుకుని మరీ చూడసాగాడు.

ఇనుము చల్లారాక హీరాలాల్ లేచి పక్కకు తప్పుకున్నాడు. రూప్లి ముందు మెట్టు మీద కాలు పెట్టింది. కిందికి చూసింది, వెనక్కి చూసింది, తల ఊపింది. తరువాత పావడ కాస్త పట్టుకుని, సొంత ఇంటి అరుగు ఎక్కినంత తేలికగా ఎక్కిపోయింది. ఆమె వెనక జంపక్క, ఆమె వెనక మిగతావాళ్లు. కళ్లు తిరుగుతున్నాయన్నామె అందరికంటే వేగంగా ఎక్కింది. బెల్టు తిరిగింది, కాగితం పైకి వచ్చింది, చేతులు ఆడాయి. కింద కోటేష్ ట్రాక్టరు తోలుకుంటూ, మగవాళ్లు కట్టలు కోసుకుంటూ తమ పనిలో పడ్డారు.

యజమాని కాసేపు నిలబడి చూసి, హీరాలాల్ భుజం తట్టాడు. "గోదాములో గూడ ఒక మంచె కావాలె. పైన సరుకు, కింద అట్టపెట్టెలు కుట్టేటోళ్లు. దేంతోటి వేస్తవు, ఎంతయితది, రేపటికల్లా చెప్పు."

పాత హీరాలాల్ అయితే అక్కడికక్కడే నేల, రేటు, ఏనుగుతో సహా చెప్పేసేవాడు.

"ఎంతయితదో రేపే చెప్త సార్," అన్నాడు. "దేంతోటి వేయాల్నో, దాని మీద నిలబడేటోళ్లను అడిగి చెప్త."

పైన కమ్మీ దగ్గర నిలబడ్డ రూప్లికి ఆ మాట వినబడింది. చేతిలోని తీగముక్కను బుట్టలో వేసి, ఈసారి ఏ ఇనుముకూ కాకుండా నేరుగా ఆయనకే జవాబిచ్చింది.

"కింద కూసుండేటోళ్లను గూడ అడుగు బావా."

"అడుగుత," అన్నాడు హీరాలాల్.